కూలర్ భద్రతా పరీక్షకు సరైన ల్యాబును వెతికిన నా అనుభవం

మా ఎయిర్ కూలర్ భద్రతా పరీక్షల నివేదిక నిన్న సాయంత్రం చేతికి అందింది. మహబూబ్‌నగర్ శివారులో ఇనుప రేకు బాడీ కూలర్లు తయారుచేసే చిన్న యూనిట్ మాది. ఒక రెసిడెన్షియల్ కళాశాల వారు తమ హాస్టళ్లకు మా కూలర్లు తీసుకుంటామని చెబుతూనే, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబు నివేదిక చూపితేనే ఆర్డరు ఖరారవుతుందని షరతు పెట్టారు. ఆ షరతు పూర్తిగా న్యాయమైనది. ఇనుము, నీళ్లు, కరెంటు మూడూ ఒకే పెట్టెలో ఉండే వస్తువు కూలర్. తడి చేత్తో దాన్ని ముట్టుకొని ప్రాణం పోగొట్టుకున్న వార్తలు పాలమూరులో వేసవి వచ్చిందంటే వింటూనే ఉంటాం.

కాగితాలు సిద్ధం చేయడం, శాంపిల్ కూలర్‌ను వేరుగా పెట్టడం తేలికగానే జరిగిపోయాయి. ఒక ఏజెంటు ఫోనులో, కూలర్ పంపనక్కరలేదని, ఫొటోలు పంపితే రిపోర్టు ఇంటికే వస్తుందని చెప్పాడు. అతనితో మాట పొడిగించలేదు. నన్ను నిజంగా బాధపెట్టింది హైదరాబాద్‌లోని ఒక టెస్టింగ్ కంపెనీ.

వారి ఆఫీసు గోడల నిండా ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒకటి ఐఎస్ఓ 9001, ఇంకొకటి ఎన్‌ఏబీఎల్ చిహ్నం ఉన్నది. ఐఎస్ఓ 9001 అనేది సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినదే తప్ప, పరీక్ష సరిగా చేయగల సామర్థ్యానికి రుజువు కాదు. ఆ సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో భాగమైన ఎన్‌ఏబీఎల్ ఆ ప్రమాణం ప్రకారమే ల్యాబులను పరిశీలించి గుర్తింపు ఇస్తుంది. అయితే ఆ గుర్తింపు ల్యాబు చేసే అన్ని పనులకూ వర్తించదు. ఏ వస్తువుకు, ఏ పరీక్షకు, ఏ ప్రమాణం ప్రకారం గుర్తింపు ఉందో వరుసగా రాసిన పట్టిక సర్టిఫికెట్‌కు జతగా ఉంటుంది. దాన్నే స్కోప్ అంటారు. గృహోపకరణాల భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 302 మొదటి భాగం మీ స్కోప్‌లో ఉందా, ఆ పట్టిక ఒకసారి చూపిస్తారా అని నేను మర్యాదగానే అడిగాను.

ఎదురుగా కూర్చున్న మేనేజరు నా వైపు సరిగా చూడకుండానే, "స్కోపులు గీపులు మీకెందుకమ్మా? మీ సార్‌ను పంపియ్యండి, ఆయనకు చెప్తం" అన్నాడు. యూనిట్ నాదేనని, నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశానని, కూలర్ వైరింగ్ డ్రాయింగ్ కూడా నేను గీసిందేనని చెప్పాను. దానికి అతను పక్క టేబుల్ వాళ్ల వైపు తిరిగి, "రేకుల షెడ్డుల కూలర్లు జేసేటోళ్లు గూడ మన సర్టిఫికెట్లు జూస్తమంటున్నరు" అన్నాడు. అక్కడ కూర్చున్నవారు నవ్వారు. డబ్బు కట్టడానికి వచ్చిన మనిషి ఒక కాగితం అడిగితే నవ్వవలసినది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ముఖం వేడెక్కిపోయింది, గొంతులో మాట ఆగిపోయింది. అయినా లేచి రాలేదు. స్కోప్ చూపేదాకా అక్కడే కూర్చుంటానని చెప్పి కూర్చున్నాను. భోజనాల వేళ దాటిన తరువాత ఒక కుర్రవాడు ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు.

మొదటి పేజీలోనే విషయం బయటపడింది. సర్టిఫికెట్ సంఖ్య సీసీ అన్న అక్షరాలతో మొదలైంది. సీసీ అంటే క్యాలిబ్రేషన్ ల్యాబు, అనగా మెగ్గర్లు (ఇన్సులేషన్ కొలిచే మీటర్లు), మల్టీమీటర్లు, థర్మామీటర్లు సరిగా చూపిస్తున్నాయో లేదో సరిచూసేది. వస్తువులను పరీక్షించే ల్యాబు సర్టిఫికెట్ టీసీతో మొదలవుతుంది. వారి పట్టిక అంతా తిరగేసినా కూలర్ గానీ, ఐఎస్ 302 గానీ ఎక్కడా లేదు. ఆ మాటే అడిగితే మేనేజరు, "మా మీటర్లన్ని క్యాలిబ్రేషన్ అయినయే, రిపోర్టుల అదే రాస్తం, హాస్టలోళ్లు అంత చదువుతరా?" అన్నాడు. తూకం రాళ్లకు ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన ఆ కొట్టులోని పప్పులో కల్తీ లేదని ఎవరైనా అంటారా? ఆ కూలర్ పక్కన పడుకునేది ఇంటర్ చదివే పిల్లలు. హాస్టల్ వారు రిపోర్టు చదవరన్న ధైర్యంతో వ్యాపారం చేసేవారిని నేను క్షమించలేను. చిన్న యూనిట్ల వాళ్లెవరికైనా ఒకటే చెబుతాను: స్కోప్ అడిగినప్పుడు విసుక్కునే చోట ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.

ఆ రాత్రే ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న ల్యాబుల జాబితా తెరిచాను. టెస్టింగ్, ఎలక్ట్రికల్, తెలంగాణ అని ఎంచుకొని, ఒక్కొక్క ల్యాబు స్కోప్ చదివాను. ఈ పని ఎవరైనా ఉచితంగా చేసుకోవచ్చు. సర్టిఫికెట్ గడువు తేదీ, ల్యాబు చిరునామా కూడా అక్కడే సరిచూసుకోవాలి, ఎందుకంటే గుర్తింపు ఆ సర్టిఫికెట్‌లో రాసిన చిరునామాకే వర్తిస్తుంది. ఒక ల్యాబుకు ఫోన్ చేస్తే అక్కడి ఇంజినీరు మేడమ్, తమ స్కోప్‌లో లీకేజీ కరెంటు, ఇన్సులేషన్ పరీక్షలే ఉన్నాయని, నీళ్లు ఒలికించి చేసే పరీక్ష లేదని తానే ముందుగా చెప్పి, పూర్తి స్కోప్ ఉన్న చోట చేయించుకొమ్మని సలహా ఇచ్చింది. వచ్చే ఆదాయాన్ని వదులుకొని నిజం చెప్పిన ఆమెపై నాకు ఎంతో గౌరవం కలిగింది. చివరకు ఎంచుకున్న ల్యాబు నుంచి, ఏయే పరీక్షలు తమ స్కోప్‌లో ఉన్నాయో మెయిల్‌లో రాయించుకున్న తరువాతే ట్రాలీ ఆటోలో కూలర్ పంపాను.

కూలర్ల విషయంలో నీళ్ల పరీక్షను ఎవరూ వదలకూడదు. ట్యాంకును దాదాపు 1 శాతం ఉప్పు కలిపిన నీటితో నింపి, ఆపైన మరికొంత నీరు నిమిషం పాటు ధారగా పోసి పొంగేలా చేస్తారు. వెంటనే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూస్తారు. ఉప్పు నీటిలో కరెంటు సులభంగా పారుతుంది. మన వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎంత ఉంటాయో, గడ్డి ప్యాడ్లపై తెల్లగా పేరుకునే పొర చూసిన ప్రతి ఇంటికీ తెలుసు కాబట్టి, ఈ పరీక్ష లేని రిపోర్టు పాలమూరు, నల్లగొండ ఇళ్లకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఎర్త్ పరీక్షలో కనీసం 25 ఆంపియర్ల కరెంటు పంపి, ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి ఇనుప బాడీ వరకు నిరోధం కొలుస్తారు. వైరు నిరోధం తీసేసి చూస్తే అది 0.1 ఓమ్ దాటకూడదు. మా యూనిట్‌లో ఎర్త్ స్క్రూ కింద పెయింటు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించనిదే ఏ కూలర్ బయటికి పోదు. మా కూలర్‌కు ఆ పరిమితిలో సగం కూడా రాలేదు. ఈ విషయం గర్వంగానే చెప్పుకుంటున్నాను.

రిపోర్టు రాగానే ముందుగా దానిపై ఉన్న, ప్రతి రిపోర్టుకూ విడిగా ఇచ్చే యూఎల్‌ఆర్ సంఖ్య చూశాను. అది టీసీతో మొదలై, ఆ వెంటనే ల్యాబు సర్టిఫికెట్ సంఖ్య ఉంటుంది. చివరి అక్షరం ఎఫ్ అయితే రిపోర్టులోని పరీక్షలన్నీ స్కోప్‌లో ఉన్నవని, పీ అయితే కొన్ని మాత్రమే ఉన్నవని అర్థం. మాది ఎఫ్. కళాశాల మేనేజరు ఇది ఐఎస్ఐ మార్కుతో సమానమా అని అడిగారు; కాదని స్పష్టంగా చెప్పాను. ఐఎస్ఐ మార్కుకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ నుంచి లైసెన్సు వేరుగా తీసుకోవాలి, దాని సీఎం/ఎల్ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూడవచ్చు. ఈ రిపోర్టు పరీక్షించిన ఆ ఒక్క శాంపిల్‌కే చెల్లుతుంది కనుక, పంపే ప్రతి కూలర్‌కూ ఎర్త్, హై వోల్టేజీ పరీక్షలు మా యూనిట్‌లోనే చేసి, రీడింగులు రాసిన చీటీ అతికించి ఇస్తామని రాసిచ్చాను. ఆర్డరు ఖరారైంది.

క్యాలిబ్రేషన్ గుర్తింపును చూపి ఉపకరణాల పరీక్షకు డబ్బు అడిగిన ఆ కంపెనీపై, వారిచ్చిన కొటేషన్ కాపీ జతచేసి ఎన్‌ఏబీఎల్‌కు ఈ ఉదయమే ఫిర్యాదు పంపాను.