ఏతేషామవిరోధేన

నెల్లూరులో మా అపార్ట్‌మెంట్‌లో ఈసారి వినాయక చవితికి పంతులుగారు దొరకలేదు. ఫోన్‌లో పూజావిధానం పెట్టుకుని కానిచ్చారు. ఆచమనం అయింది. "ఉత్తిష్ఠంతు భూతపిశాచాః" అని మొదలవగానే ఒకాయన వేలితో ముందుకు జరిపేశాడు. "ఈ దెయ్యాల శ్లోకం ఎందుకండీ, పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు. నలుగురూ నవ్వారు. పండగ పూట గొడవెందుకని ఊరుకున్నాను గానీ, ఆ రోజు నాకు ఉండ్రాళ్లు గొంతు దిగలేదు.

ఉత్తిష్ఠంతు భూతపిశాచాః ఏతే భూమిభారకాః
ఏతేషామవిరోధేన బ్రహ్మకర్మ సమారభే

అక్షతలు వాసన చూసి వెనక్కి వేసుకోవడం అందరికీ తెలిసిందే. ఏమని వేస్తున్నామో మాత్రం పట్టదు. తరిమేస్తున్నాం అనుకుంటాం. శ్లోకంలో 'పో' అన్న మాటే లేదు. 'ఉత్తిష్ఠంతు', లేవండి అని ఉంది. తెల్లవారుజామున "ఉత్తిష్ఠోత్తిష్ఠ గోవింద" అని స్వామిని లేపేదీ ఆ క్రియతోనే. స్వామిని లేపే మాటతోనే పిశాచాన్నీ లేపమన్నారు పెద్దలు. బండబూతులు తిట్టి లేపమనలేదు.

నన్ను పట్టుకుని వదలని మాట ఇంకొకటుంది, 'అవిరోధేన'. వీళ్లతో విరోధం లేకుండా ఈ పని మొదలుపెడుతున్నాను అని. పీట వేసుకున్న ఆ జానెడు చోటు మనకంటే ముందు ఎవరిదో. మనం వచ్చి కూర్చుంటున్నాం. కాస్త జరగండి, మీతో నాకు పేచీ లేదు అని చెప్పి మరీ కూర్చుంటున్నాం. రైల్లో సీటు అడిగేటప్పుడు కూడా మనకు ఇంత మర్యాద ఉండదు.

"అపసర్పంతు తే భూతాః" అనే ఇంకో శ్లోకంలో 'నశ్యంతు', నశించాలి అని ఉంది కదా అంటారు. ఉంది. అయితే అది ఎవరికి? 'యే భూతా విఘ్నకర్తారః', అడ్డం పడేవాళ్లకి. అదీ శివాజ్ఞతో, మన కోపంతో కాదు.

అసలు ఆ పేర్లు వినగానే మొహం చిట్లించడం ఎప్పుడు నేర్చుకున్నామో! దయ్యం అన్న మాట దైవం నుంచి వచ్చిందే. చిన్నప్పుడు ప్రకృతి వికృతులు బట్టీ పట్టిన వాళ్లెవరైనా చెప్తారు, దైవము ప్రకృతి, దయ్యము వికృతి. సంస్కృత నిఘంటువు అమరకోశం తెరవండి. విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు అని వరసపెట్టి, "పిశాచో గుహ్యకః సిద్ధో భూతోఽమీ దేవయోనయః" అని ముగిస్తాడు అమరసింహుడు. పదిమందీ దేవయోనులే, అంటే దేవతల కోవలో పుట్టినవాళ్లే. అప్సరసకూ పిశాచానికీ ఒకే శ్లోకంలో చోటిచ్చాడు. ఉత్తరకాండలో అగస్త్యుడు రాముడికి చెప్పింది ఇంకా విచిత్రం. బ్రహ్మ నీళ్లను పుట్టించి, వాటిని కాపాడడానికి ప్రాణులను పుట్టించాడట. ఆ ఆకలిగొన్నవాళ్లలో 'రక్షామ', రక్షిస్తాం అన్నవాళ్లు రాక్షసులయ్యారు, 'యక్షామ' అన్నవాళ్లు యక్షులయ్యారు. రక్షిస్తానని మాటిచ్చి పుట్టిన పేరును మనం అల్లరి పిల్లాణ్ణి తిట్టడానికి వాడుతున్నాం.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. గ్రీకుల 'డైమోన్' ఒకప్పుడు దేవుళ్లకూ మనుషులకూ మధ్య తిరిగే శక్తి. అదే ఇంగ్లీషులోకి వచ్చి 'డెమన్' అయి కొమ్ములు మొలిపించుకుంది. పారశీకుల పవిత్ర గ్రంథం అవెస్తాలో 'అహుర' దేవుడు, 'దఏవ' దుష్టుడు. మన దగ్గర అసురుడు చెడ్డవాడు, దేవుడు మంచివాడు. గొడవల్లో పేర్లు ఇలాగే అటూ ఇటూ అవుతాయి కాబోలు. అరబ్బీలో 'జిన్' అంటే కంటికి మరుగైనది అనే అర్థం, అందులో తిట్టు లేదు.

మా అవ్వకు ఇదంతా తెలియదు. ఆమెది పెన్న ఒడ్డున పల్లె. రాత్రిపూట గంజి వార్చినా, వేణ్ణీళ్లు పారబోసినా, పెరటి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి "తప్పుకోండమ్మా, కాలుద్ది" అనేది. ఎవరితో అవ్వా అంటే, "ఎవరుంటే వాళ్లతో" అనేది. నన్ను ఒకసారి జొన్నవాడ కామాక్షమ్మ గుడికి తీసుకెళ్లింది. గాలి సోకిందని తెచ్చిన మనుషులు అక్కడ నిద్ర చేస్తారు కదా. (డాక్టరుకు చూపించడం మానేసి తేవద్దు, అది వేరే సంగతి.) జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న ఒకామెను చూసి నేను అవ్వ కొంగులో దాక్కున్నా. అవ్వ మాత్రం ఆమె దగ్గరికి పోయి చెంబుతో నీళ్లిచ్చింది. "అమ్మ దగ్గరికొచ్చింది, లోపలున్నదీ తాగుద్దిలే" అంది. నాకు అవిరోధేన అన్న మాటకు అర్థం చెప్పింది ఆ చెంబు నీళ్లే.

ఇంకో మాట. వినాయకుడి ముందు కూర్చుని భూతాల్ని చీదరించుకుంటున్నాం. "గజాననం భూతగణాదిసేవితం" అని ఆ నోటితోనే పాడతాం! వాళ్లు ఆయన పరివారం. ఆయన తండ్రి భూతనాథుడు. పెళ్లివారింటికి వెళ్లి పెళ్లివారినే పక్కకు నెట్టినట్టుంది మన పని.

కాబట్టి దయచేసి ఆ రెండు పంక్తులూ దాటేయకండి. అర నిమిషం పట్టదు. పిల్లలు అడిగితే దెయ్యాల మంత్రం అనకండి, దారి అడగడం అని చెప్పండి. అక్షతలు విసిరికొట్టకండి, వదలండి.

మర్నాడు మా ఇంట్లో పునఃపూజ నేనే చేశాను. ఆ శ్లోకం నెమ్మదిగా చెప్పి, అర్థం కూడా చెప్పి అక్షతలు వెనక్కి వేశాను. గడప మీద కూర్చుని చూస్తున్న నా మనవరాలు వెనక్కి ఓసారి చూసి, లేచి, గౌను సర్దుకుని పక్కకు జరిగి కూర్చుంది. "వాళ్లు పోవడానికి అడ్డమున్నా తాతా" అంది.