"రేపు రేటు పెరుగుతుందమ్మా": ఫోమ్ ముడిసరుకు కొనడంలో నా అనుభవం

ఫోమ్ కెమికల్స్ అమ్మే డీలర్లు పొద్దున్నే ఫోను చేసి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "రేపు రేటు పెరుగుతుందమ్మా, ఈరోజే ఎత్తేయండి." రేటు తగ్గిన రోజు మాత్రం వాళ్ళ ఫోను మోగదు. హైదరాబాద్ శివార్లలో మా మేనమామకు పరుపులు, సోఫా మెత్తలకు ఫోమ్ బ్లాకులు పోసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. నేను అక్కడ లెక్కలు చూసేదాన్ని. 2024లో ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాక కొనుగోళ్ళు కూడా నా చేతికే వచ్చాయి. కొనుగోళ్ళంటే ఒక పాత డైరీ, అందులో డీలర్ల నంబర్లు, ఆయన మొహమాటాలు.

"మామయ్యా, ఈ రేటు ఎందుకు పెరుగుతుందో వాళ్ళను ఎప్పుడైనా అడిగారా?" అంటే, "అడిగితే చైనా అంటారు. చైనాలో ఏం జరిగిందంటే పండగ అంటారు" అని నవ్వేశారు.

అందుకని డీలర్ల మాటలు పక్కన పెట్టి ముందు మా మిక్సింగ్ షెడ్డులో ఫార్ములా పట్టుకుని కూర్చున్నాను. మెత్తటి ఫోమ్‌కు ముఖ్యమైన సరుకులు రెండు: పాలియాల్ అనే చిక్కటి ద్రవం, దానితో కలిసి ఫోమ్‌గా మారే టీడీఐ (టొలుయీన్ డైఐసోసయనేట్) అనే రసాయనం. వీటికి తోడు సిలికాన్, అమీన్, తగరపు ఉత్ప్రేరకం కొద్దికొద్దిగా పడతాయి. వీటి ధరలు ఎంత ఊగినా బ్లాకు ఖర్చు పెద్దగా కదలదు. చివరిది మామూలు నీళ్ళు. నీళ్ళు టీడీఐతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుట్టి ఫోమ్‌ను పొంగిస్తుంది. నీళ్ళకు ఖర్చు లేదనుకుంటాం గానీ, ఒక కిలో నీళ్ళు దాదాపు 9.7 కిలోల టీడీఐని తినేస్తాయి. వంద కిలోల పాలియాల్ మాత్రం తన వాటాగా తొమ్మిది కిలోలు కూడా తీసుకోదు. తేలిక ఫోమ్ కావాలంటే నీళ్ళు ఎక్కువ పోయాలి, నీళ్ళు పెరిగితే టీడీఐ పెరుగుతుంది. వంద కిలోల పాలియాల్‌కు నాలుగు కిలోల నీళ్ళు పోస్తే టీడీఐ యాభై కిలోల దాకా పడుతుంది. బరువైన 40 డెన్సిటీ (ఘనపు మీటరుకు 40 కిలోలు తూగే) రకానికి నీళ్ళు రెండు కిలోల పైచిలుకు చాలు, టీడీఐ ముప్పై కిలోల దగ్గర ఆగుతుంది.

ఈ లెక్క కాగితం మీద పడ్డాక మా ధరల పట్టిక ఎంత వింతగా ఉందో కనిపించింది. టీడీఐ పెరిగినప్పుడల్లా అన్ని డెన్సిటీలకూ కిలోకు ఒకే మొత్తం పెంచుతూ వచ్చాం. నిజానికి ఆ దెబ్బ తేలిక ఫోమ్‌కే ఎక్కువ. పాలియాల్ పెరిగితే దెబ్బ బరువు రకానికి ఎక్కువ. అంటే "కెమికల్స్ రేటు" అని ఒకటి లేదు. ఉన్నవి రెండు రేట్లు. పైగా రెండూ కలిసి నడవవు.

ఎందుకు నడవవో తెలియాలంటే వాటి పుట్టుక చూడాలి. పాలియాల్ మూలం ప్రొపిలీన్, అంటే ముడిచమురు. ప్రొపిలీన్ నుంచి ప్రొపిలీన్ ఆక్సైడ్, దాని నుంచి పాలియాల్. మన దేశంలో ఇది చెన్నై దగ్గర మణలిలో తయారవుతుంది, చాలని మేర దిగుమతి చేసుకుంటాం. చైనాలో ప్రొపిలీన్ ఆక్సైడ్ ప్లాంట్లు వరసగా లేచాయి కాబట్టి ఈ మధ్య సంవత్సరాల్లో పాలియాల్ ధర మీద మూత పడ్డట్టే ఉంది. టీడీఐ దారి వేరు. టొలుయీన్‌కు నైట్రిక్ ఆమ్లం, ఆపై హైడ్రోజన్, చివర ఫాస్జీన్ అనే విషవాయువు. ఫాస్జీన్ కావాలంటే క్లోరిన్ కావాలి. ఈ గొలుసులో ఎక్కడ లింకు తెగినా ప్లాంటు ఆగిపోతుంది. ప్రాణాంతకమైన వాయువులతో పని కనుక ఆగిన ప్లాంటును తొందరపడి నడపలేరు. మన దేశంలో టీడీఐ చేసేది ఒక్క గుజరాత్ సంస్థే, జీఎన్‌ఎఫ్‌సీ. దాని ప్లాంట్లు భరూచ్‌లో, దహేజ్‌లో ఉన్నాయి. ప్రపంచంలోనూ ఈ ప్లాంట్లు తక్కువే. ఒక్కటి మూతపడితే ఖండాల అవతల కూడా ధర కదులుతుంది.

పాత ఇన్‌వాయిస్‌లు తీసి ప్రపంచ వార్తల పక్కన పెట్టి చూశాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి అక్కడి ప్రొపిలీన్ ఆక్సైడ్, పాలియాల్ ప్లాంట్లు ఆగిపోయాయి. అమెరికాలో పరుపుల కంపెనీలకు ఫోమ్ దొరకలేదు. 2023 ఫిబ్రవరిలో జర్మనీ రసాయనాల సంస్థ బీఏఎస్‌ఎఫ్ లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఏడాదికి మూడు లక్షల టన్నుల సామర్థ్యమున్న టీడీఐ ప్లాంటును మూసేస్తున్నట్టు ప్రకటించింది. యూరప్‌లో గ్యాసు ఖరీదు, గిరాకీ లేకపోవడం కారణాలు. ఆ ఏడాది చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, యూరప్ సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఇవి చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను: ధరల వార్త చూడటం దండగ, ప్లాంట్ల వార్త చూడాలి. ధర అచ్చయ్యేసరికి డీలరుకు అది పాత కబురు.

2025 జులైలో అది పనికొచ్చింది. జులై 12న జర్మనీలోని డోర్మాగెన్ పారిశ్రామికవాడలో ఒక విద్యుత్ సబ్‌స్టేషన్ తగలబడింది. కరెంటు పోతే క్లోరిన్ లేదు, క్లోరిన్ లేకపోతే టీడీఐ లేదు. అక్కడి కోవెస్ట్రో సంస్థ సరఫరా చేయలేమంటూ ఫోర్స్ మేజర్ ప్రకటించింది. ఆ వార్త చదివిన పొద్దున్నే మామయ్యకు చెప్పి, దసరా, దీపావళి సీజనుకు కావలసిన టీడీఐలో పెద్ద భాగం పాత రేటుకే బుక్ చేశాను. ఆ నెలలోనే ఆసియాలో ధర ఎగబాకింది. డీలరు ఫోను వచ్చింది. ఈసారి అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఇక పాలియాల్. చవకగా ఉన్నప్పుడు డీలరు లాభం మిగుల్చుకుందామని ఆగ్నేయాసియా నుంచి ఒక కంటైనరు నేరుగా తెప్పించాలనుకున్నాం. టీడీఐ జోలికి పోలేదు. అది విషపదార్థాల తరగతి సరుకు, ఓడలోనూ రేవులోనూ దాని తంతే వేరు. పైగా ఏ దేశపు సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా గుమ్మరించే విదేశీ సరుకు మీద వేసే అదనపు పన్ను) ఉందో, ఎప్పుడు ముగుస్తుందో చూసుకుంటూ ఉండాలి. చైనా, జపాన్, కొరియా సరుకు మీద ఒక దఫా వేశారు. యూరప్, సౌదీ, తైవాన్, యూఏఈ సరుకు మీద ఇంకో దఫా. ధర తక్కువని మురిసిపోతే ఆ టన్నుకిన్ని డాలర్ల సుంకం మొత్తం తినేస్తుంది.

దిగుమతి కోడ్ తీసుకోవడం సులువే. ఇప్పుడు అది పాన్ నంబరే, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఏటా ఏప్రిల్, జూన్ నెలల మధ్య దాన్ని సరిచూసుకున్నామని నమోదు చేయాలి, లేకపోతే నిద్రపోతుంది. బ్యాంకులో ఎల్‌సీ (అమ్మినవాళ్ళకు డబ్బు అందుతుందని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవడానికి మార్జిన్ డబ్బు కట్టాం. అసలు తలనొప్పి మూలదేశ ధ్రువపత్రం. ఆగ్నేయాసియా దేశాలతో మనకున్న ఆసియాన్ ఒప్పందం కింద సుంకం రాయితీ కావాలంటే ఫారం ఏఐ అనే ఆ పత్రం ఉండాలి. దానికి తోడు 2020 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, సరుకు నిజంగా ఆ దేశంలోనే తయారైందని చూపే వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలి. "వాళ్ళ ఫ్యాక్టరీలో ఎలా చేస్తారో నాకేం తెలుసు?" అంటే కుదరదు. అమ్మినవాళ్ళను రోజూ ఈమెయిళ్ళతో విసిగించి తెప్పించుకున్నాను.

కంటైనరు చెన్నై రేవుకు వచ్చాక తేలింది: ధ్రువపత్రంలో ఇన్‌వాయిస్ నంబరు ఒక అంకె తప్పు. అవతలి ఏజెంటు టైపు చేసిన పొరపాటు. దాన్ని దిద్దించే లోపు కంటైనరు రేవు బయటి గోదాములో ఉంటే నేల అద్దె, గడువు దాటితే షిప్పింగ్ లైన్‌కు కంటైనరు అద్దె, రెండు మీటర్లు తిరుగుతుంటాయి. పూర్తి సుంకం కట్టి విడిపించుకుందామా అంటే ఆ తర్వాత వాపసు కోసం తిరగాలి. మా కస్టమ్స్ ఏజెంటు ఒక పెద్దాయన, "అమ్మా, తాత్కాలిక అసెస్‌మెంట్ అడగండి, అంటే సుంకం లెక్క ప్రస్తుతానికి తాత్కాలికంగా కడతారు, బ్యాంకు గ్యారంటీ ఇవ్వండి, దిద్దిన కాగితం వచ్చాక తేల్చుకోవచ్చు" అన్నారు. అలాగే చేశాం. దిద్దిన పత్రం వచ్చింది, గ్యారంటీ తిరిగొచ్చింది. లాభంలో కొంత ఆ గ్యారంటీ కమిషన్లకే పోయింది. అయినా డీలరు రేటు కన్నా తక్కువకే పడింది.

డ్రమ్ములు దిగగానే మా మేస్త్రి మూత తీసి పైపైన చూసి సరే అనబోయాడు. నేను వద్దని ల్యాబుకు పంపాను. పాలియాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ కూడా నీళ్ళే కాబట్టి లెక్కలో లేని టీడీఐని తింటుంది. తేమ 0.05 శాతం లోపే ఉందని, హైడ్రాక్సిల్ విలువ (పాలియాల్ ఎంత టీడీఐతో కలుస్తుందో చెప్పే అంకె) 56 దగ్గర ఉందని తేలాక చిన్న పెట్టెలో నమూనా పోసి చూశాం. చక్కగా పొంగింది, పగుళ్ళు లేవు.

మా కొనుగోలుదారులకు ఇప్పుడు డెన్సిటీని బట్టి వేరువేరుగా రేటు ఇస్తున్నాం. చీటీ మీద అది ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఇస్తున్నాం. సోఫాల వాళ్ళు గొణిగారు, తేలిక ఫోమ్ వాళ్ళదే కాబట్టి. పరుపుల వాళ్ళలో ఇద్దరు సంతోషించి 40 డెన్సిటీ ఆర్డరు పెంచారు. పాతికేళ్ళ పరిచయమున్న ఒకాయన మాత్రం మామయ్యకు ఫోను చేసి, "మీ మేనకోడలు మరీ లెక్కల మనిషి" అని, వేరే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. అక్కడ అతనికి ఇచ్చే చవక ఫోమ్‌లో కాల్షియం కార్బొనేట్ పొడి ఎంత కలుపుతున్నారో తూకం చెప్పదు. ఆ పొడితో కూడా డెన్సిటీ పెరుగుతుంది మరి.