హైదరాబాద్ నుంచి ఒక గోనెసంచి పెంకులు

"సంచిల ఏముందమ్మా?" అన్నాడు 107 బస్సు కండక్టర్, కాలితో ఓసారి నెట్టి చూసి. అది కదల్లేదు.

"పగిలిన టైల్స్ బాబూ."

"పగిలినయా? కొత్తయి దొరకలేదా?"

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కాను, రాత్రికి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ అందుకోవాలి, కాళ్ల దగ్గర పదిహేను కిలోల గోనెసంచి. అలవాటుకొద్దీ ఆధార్ తీశాను. మా వైపు బస్సుల్లో ఇప్పుడు అదే చూపిస్తున్నాం కదా. కాకినాడ అడ్రస్ చూసి, ఇక్కడ జీరో టికెట్ కుదరదన్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు, అయినా చెయ్యి ఊరుకోదు. టికెట్ కొట్టాక సంచికి కూడా లగేజీ కొట్టాలా అన్నట్టు మెషిన్ మీద వేలు పెట్టి కాసేపు ఆలోచించాడు. "కొత్తయి అయితే కొట్టేటోన్ని. పగిలినవాటికి ఏం కొట్టాలె," అని ముందుకు వెళ్లిపోయాడు.

ఊరు కాని ఊళ్లో పెంకులు మోసుకు తిరగాల్సిన కర్మ ఎందుకు పట్టిందంటే, పోయిన వేసవిలో మా వరండాలో పన్నెండు మంది పిల్లలకి మొజాయిక్ కుండీలు నేర్పాను. మట్టి కుండీలు, తెల్ల జిగురు, ఎవరింట్లోనో బాత్‌రూమ్ మార్చినప్పుడు పారేసిన టైల్స్. ఎంత బాగా వచ్చాయో! పిల్లలు గుమ్మాల ముందు పెట్టుకుని ఫొటోలు దిగారు. నాలుగు వానలు పడ్డాయో లేదో, ఒకావిడ వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. కుండీ బోడిగా ఉంది, ముక్కలన్నీ చుట్టూ నేల మీద రాలి ఉన్నాయి. కింద "టీచర్ గారూ, మీ మొజాయిక్ ఊడిపోయింది" అని. చేసింది వాళ్ల పిల్లాడు, మొజాయిక్ మాత్రం నాది.

అందుకే పద్ధతిగా నేర్చుకుందామని బయల్దేరాను. చెల్లి వాళ్లది దిల్‌సుఖ్‌నగర్. క్లాసు జూబ్లీహిల్స్‌లో. మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, మళ్లీ ఆటో. ఫీజు 3,500, దానిపైన జీఎస్టీ. ఒక్క పూట క్లాసుకి! చేతికి ఇచ్చింది ఎనిమిది అంగుళాల చెక్క పలక, గుప్పెడు గాజు ముక్కలున్న కవరు. ఆ ముక్కలు కూడా ముందే కోసి పెట్టినవి, అన్నీ ఒకే సైజు చదరాలు. నాకు ఒళ్లు మండింది. ఈ పనిలో నాకిష్టమైనదే పగలగొట్టడం. టైల్‌ని పాత తువ్వాల్లో చుట్టి సుత్తితో ఒక్కటి వేస్తే లోపల టక్కుమంటుంది, గుడ్డ విప్పేదాకా ఏ ఆకారాలు వచ్చాయో తెలియదు. పిల్లలు దాని కోసమే వస్తారు. (కళ్లద్దాలు పెట్టందే ఎవరికీ సుత్తి ఇవ్వను, అది వేరే సంగతి.)

నేర్పిన పిల్ల మంచిదే, అబద్ధం చెప్పను. ముక్కల మధ్య సందుల్లో నింపే గ్రౌట్ కలపడం చూపించిన ఆ పది నిమిషాలకి సగం డబ్బు గిట్టింది. ఇడ్లీ పిండి కన్నా గట్టిగా, గారెల పిండి కన్నా కాస్త జారుగా ఉండాలట. సందుల్లోకి వేలితో నొక్కి నింపి, పావుగంట, ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. తర్వాత గట్టిగా పిండిన స్పాంజితో పైపైన తుడవాలి. ముక్కల మీద తెల్లటి పొర మిగులుతుంది, అది ఆరాక పొడిగుడ్డతో రుద్దితే మెరుపు వస్తుంది. నేనేమో వెంటనే తడిగుడ్డ పెట్టి పరపరా తుడిచేసేదాన్ని, సందుల్లో గ్రౌట్ సగం గుడ్డకే అంటుకొచ్చేది. పెద్దదాన్ని కదా, చెప్పడానికి సిగ్గేసింది, తల ఊపి ఊరుకున్నాను.

ఆఖర్లో నా అసలు ప్రశ్న అడిగాను. ఆరుబయట పెట్టే కుండీలకి ఏం చెయ్యాలమ్మా?

"అవుట్‌డోర్ మన అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుంది ఆంటీ. దానికి ఫీజు సెపరేట్."

"ఎంత?"

"అయిదు వేలు."

సాయంత్రం నా చెక్క పలక చూసి చెల్లి "దీనికా మూడున్నర వేలు?" అని అదే పనిగా నవ్వింది. మొజాయిక్ అంటే మా ఇద్దరికీ ముందు గుర్తొచ్చేది మా పాత ఇంటి గచ్చు. సిమెంట్‌లో పాలరాతి చిప్స్ కలిపి పోసి, నాలుగు రోజులు తడిపి, ఆ తర్వాత మిషన్‌తో పాలిష్ పట్టారు. బూడిదరంగు నీళ్లు గుమ్మం దాటి వీధిలోకి కారుతుంటే అమ్మ పక్కింటి వాళ్లకి సర్దిచెప్పుకుంటూ నిలబడేది. ఎండాకాలం ఆ గచ్చు మీద బోర్లా పడుకుని చిప్స్‌లో బొమ్మలు వెతికేవాళ్లం. నాకు కనబడ్డ బాతు దానికి ఇప్పటికీ కనబడలేదంటుంది.

మర్నాడు పాతబస్తీ. ఆటోవాడు మీటర్ వెయ్యనంటే వెయ్యనన్నాడు, మదీనా దాకా రెండు వందలు. బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గురించి వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు. చార్మినార్‌కి వంద సార్లు వచ్చినవాళ్లు కూడా దీని ముందు నుంచే చీరలు కొనుక్కుంటూ వెళ్లిపోతారు, మా చెల్లితో సహా. మ్యూజియం కాదు, మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. చెప్పులు విడిచి, కొంగు తలమీదకి లాక్కుని లోపలికి వెళ్లాం. ముందున్న చెక్క స్తంభాల హాలు నిజాంల కాలంలో కట్టింది. దాన్ని దాటి వెళ్తే ఎదురుగా గోడ.

కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించాడు, గోడల మీద పెంకుల పని 1611 నాటిదంటారు. పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు. పీరు ఆకారాలు, వాటి చుట్టూ తీగలు. దూరం నుంచి ముగ్గులా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ఒక పువ్వులో మధ్య బొట్టు ఒక పెంకు, రేకు ఇంకో పెంకు, రేకు చుట్టూ ఉన్న నీలం మళ్లీ వేరు. రంగు రంగుకీ విడిగా కాల్చిన పెంకుని ఆ ఆకారానికి చెక్కి కూర్చారు. నేను రెండు మిల్లీమీటర్ల సందు వదులుతాను, అక్కడ వెంట్రుక దూరేలా లేదు. చెక్కేటప్పుడు ఎన్ని విరిగి ఉంటాయో, ఎవరు తిట్లు తిని ఉంటారో అనిపించింది. కొన్నిచోట్ల మాత్రం ఆ మెరుపు లేదు. 1908 మూసీ వరదలో పెంకులు పోయిన చోట అదే డిజైన్‌ని రంగులతో గీశారు. చూపు అటు జారగానే తేడా తెలిసిపోతుంది, పెట్టుడు పన్నులా. తర్వాత లాడ్ బజార్‌లో చెల్లి లక్క గాజులు కొంది, ఆ మూడు గంటలూ ఏమయ్యాయో నన్నడక్కండి.

ఆఖరి రోజు బట్టలు సర్దుకుంటుంటే ఎదురు ఫ్లాట్‌లో కట్టర్ చప్పుడు. బాత్‌రూమ్ టైల్స్ మారుస్తున్నారు. మేస్త్రీది పాలమూరు వైపు, యాభై దాటి ఉంటాడు, మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కనే గుట్టగా పగిలిన టైల్స్. ఊరుకోలేక నా కుండీల గోడు వెళ్లబోసుకున్నాను.

"లోపట ఏం పూసిన్రు?"

"లోపలేం పూయలేదు."

"మట్టికుండ నీళ్లు తాగుతదమ్మా. మీరు బయట టైల్ అతికిన్రు, లోపట నీళ్లు పోస్తున్రు. ఆ నీళ్లు ఎటు పోవాలె? బయటికే గద. ఎన్కనుంచి టైల్‌ని తోస్తయి." టీ గ్లాసు నా ముందుకు పెట్టి వేలితో బయటి నుంచి తట్టి చూపించాడు. "ఆ తెల్ల జిగురు కట్టెకు మంచిది. తడి తగిలితే మళ్ల మెత్తగైతది."

ముందు లోపల వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు, అడుగున బొక్క మూసుకుపోకుండా. జిగురు బదులు సంచుల్లో వచ్చే టైల్ అంటించే పౌడర్. ఒక రోజు ఆరాకే గ్రౌట్. అయిదు వేల కోర్సు అయిదు నిమిషాల్లో అయిపోయింది. వంద ఇస్తే తీసుకుని, ఆ గుట్టలోంచి మంచి రంగులు తనే ఏరి సంచిలో వేశాడు. అంచులు చేతికి తగలకుండా పైన సిమెంట్ కాగితం కప్పి కట్టాడు.

గౌతమిలో కింది బెర్తు దొరికింది. సంచిని కాళ్లతో లోపలికి తోసి, ఆ వాట్సాప్ ఆవిడకి మెసేజ్ పెట్టాను: కుండీ పంపండి, లోపల పూత వేసి మళ్లీ అంటిస్తాను.

కాజీపేట దాటాక జవాబొచ్చింది. "అందులో కరివేపాకు వేసేశాం టీచర్ గారూ. ఇప్పుడే చిగురేస్తోంది, కదపొద్దంటున్నారు మా అత్తగారు."