ఫ్యాన్ కొక్కెం నుంచి చుక్క

పోయినేడు జూన్‌లో మొదటి పెద్దవాన పడిన రాత్రి ఒడిశాలోని గుణుపూర్ నుంచి మా బావ ఫోన్. "బావా, హాల్లో ఫ్యాన్‌లోంచి నీళ్లు కారతన్నాయి, ఏటి చెయ్యమంటావు?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఫ్యాన్‌లోంచి నీళ్లేంటి అని. తర్వాత బుర్ర వెలిగి, ముందు మెయిన్ ఆపెయ్ అని గట్టిగా అరిచాను, పక్కగదిలో పడుకున్న అమ్మ కూడా లేచి కూర్చుంది. మర్నాడు పర్లాకిమిడిలో రైలెక్కి వెళ్లి చూస్తే అప్ప హాలు మధ్యలో బకెట్టు పెట్టి ఉంది. ఫ్యాన్ కొక్కెం కొస నుంచి చుక్క దిగుతోంది, ఓ ఐదారు సెకన్లకి ఒకటి, తుప్పురంగు నీళ్లు. శ్లాబుకి ఇంకెక్కడా తడి లేదు. వింత ఏమిటంటే మేడ మీద పెట్టించిన సోలార్ ప్యానెల్స్ ఫ్రేము కాళ్లు హాలు మీద లేవు, పక్కన పడకగది మీద ఉన్నాయి.

మేడ మీదకెళ్లి చూశాం. ఆ ఫిబ్రవరిలోనే పెట్టారు ప్యానెల్స్. ఫ్రేము కాళ్ల కింద ఇనుప పలకలు, ఒక్కో పలకకి నాలుగేసి యాంకర్ బోల్టులు, నేరుగా శ్లాబులోకి. నాలుగున్నర అంగుళాల శ్లాబులోకి మూడంగుళాల బెజ్జాలు! పైన ఏదో తెల్లటి సీలెంట్ పూశారు, నాలుగు నెలల ఎండకి అది ఎండిపోయి గోరుతో గీకితే అప్పడంలా లేచిపోయింది. అందులో ఒక బెజ్జం సరిగ్గా శ్లాబులో ఉన్న కరెంటు పైపుని పొడిచింది. శ్లాబు పోసేటప్పుడు ఊచల మీద వైర్ల కోసం ప్లాస్టిక్ పైపులు పరిచి పోస్తారు కదా, అది. వాన నీళ్లు బోల్టు పక్కనుంచి దిగి, ఆ పైపులో పడి, హాయిగా కాలవలో వెళ్లినట్టు వెళ్లి హాల్లో ఫ్యాన్ బాక్సు దగ్గర తేలాయి. పైపుకి తగలకపోయినా ఊచకి తగిలితే అదే కథ, కాకపోతే నెమ్మదిగా. నీళ్లు ఊచ వెంట నడిచి, ఊచ తుప్పు పట్టి ఉబ్బి, ఎనిమిది పదేళ్లకి పెచ్చులు ఊడతాయి. అప్పటికి సోలార్ పెట్టినవాడు ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు.

పెట్టిన వాళ్లకి ఫోన్ చేస్తే "ప్యానెల్స్ బాగానే పనిచేస్తున్నాయి కదండీ" అన్నారట. నిజమే, అవి బాగానే పనిచేస్తున్నాయి.

అప్పటికే మా ఇంటికి కూడా పెట్టించాలని నేను అప్లికేషన్ వేసి ఉన్నాను. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి కేంద్రం 78,000 రూపాయలు ఇస్తోంది కాబట్టి మా వీధిలో పెళ్లిళ్ల సీజన్‌లా అందరూ ఒకేసారి పెట్టించేస్తున్నారు. కాగితాలు, మీటరు, బ్యాంకు గొడవ ఇక్కడ రాయను, దాని మీద వీడియోలు బోలెడు. శ్లాబు గురించి మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ప్యానెల్ 25 ఏళ్ల మాట ఇచ్చి పైకెక్కుతుంది, దాని కింద శ్లాబుకి అప్పటికే 30 ఏళ్లు (మా నాన్నగారు మా ఇల్లు కట్టింది 1996లో). ఒకసారి ప్యానెల్స్ పరిచేశాక కింద లీకు వస్తే మొత్తం విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించాలి. ఆ ఖర్చు సబ్సిడీలో రాదు.

అందుకని ముందు శ్లాబుకి పరీక్ష పెట్టాం. మా తాపీమేస్త్రి మా నాన్నగారి నాటి మనిషి. తూములన్నీ గుడ్డలు, బంకమట్టి పెట్టి మూసి, అంగుళం మందాన నీళ్లు నింపి రెండ్రోజులు ఉంచమన్నాడు. అమ్మకి టెన్షన్, "ఇల్లు కూలిపోద్దిరా" అని. అంగుళం నీళ్లంటే చదరపు మీటరుకి పాతిక కిలోలే అని చెప్పినా నమ్మలేదు, రెండ్రోజులూ వరండాలోనే పడుకుంది. రెండోరోజు పొద్దున్నకి వంటింటి మూల పైన అరచెయ్యంత తడి మచ్చ తేలింది. పిట్టగోడా శ్లాబూ కలిసే చోట సన్నగా నెర్రె. అది ముప్పై ఏళ్లుగా ఉందో మూడేళ్లుగా ఉందో గానీ ఎవరం చూడలేదు. తర్వాత మేస్త్రి కర్రతో శ్లాబంతా తట్టుకుంటూ తిరిగాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, పైపూత విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది, కొబ్బరికాయ తట్టి చూసినట్టే. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గుండ్రాలు చుట్టాడు. పదకొండు వచ్చాయి.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను, చెప్పేస్తాను. నెర్రె పూడ్పించి, డొల్ల భాగాలు కొట్టించి మళ్లీ పూత వేయించి, అదే ఊపులో మేడంతా తెల్లటి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేయించేశాను. తళతళలాడిపోయింది. వారం తర్వాత సోలార్ వాళ్ల సూపర్‌వైజర్ వచ్చి ఫ్రేము కాళ్ల కింద కాంక్రీటు దిమ్మెలు ఎక్కడొస్తాయో గీతలు గీశాడు. దిమ్మె శ్లాబుకి పట్టుకోవాలంటే ఆ చోట పైపూత ఉలితో కొట్టి గరుకు చేయాలి. వారం క్రితం డబ్బులు పోసి వేసిన కోటింగ్‌ని మళ్లీ డబ్బులిచ్చి ఎనిమిది చోట్ల చెక్కించాను. ముందు మరమ్మతు, తర్వాత దిమ్మెలు, ఆ దిమ్మెలు ఆరాకే కోటింగ్, ఇదీ వరస. ఆ కోటింగ్ కూడా దిమ్మె మొదట్లో ఆగిపోకుండా దాని పక్కల మీదకి నాలుగంగుళాలు ఎక్కాలి, మూల దగ్గర ఫైబర్ జాలీ గుడ్డ పెట్టి దాని మీద పుయ్యాలి. లేదంటే దిమ్మె చుట్టూ సన్నటి గీతలాంటి సందు పడి నీళ్లు అక్కడే దిగుతాయి.

దిమ్మెలంటే ఏంటో తెలియనివాళ్లకి: శ్లాబుకి బెజ్జం పెట్టకుండా, అడుగు పొడవు అడుగు వెడల్పు అడుగు ఎత్తు కాంక్రీటు ముద్ద పోసి, అందులోనే జె ఆకారపు బోల్టులు ముందే పాతి, ఫ్రేము కాళ్లని ఆ బోల్టులకి బిగిస్తారు. ఒక్కోటి 70 కిలోల దాకా ఉంటుంది. "బోల్టులైతే ఒక్కరోజులో అయిపోద్ది, దిమ్మెలైతే లేటు" అని ప్రతివాడూ బోల్టులవైపే లాగుతాడు. మీరు లొంగకండి.

బరువుకి శ్లాబు ఆగుతుందా అని చాలామంది అడుగుతారు. అది అంత పెద్ద సమస్య కాదు. 540 వాట్ల ప్యానెల్ ఒకటి 28 కిలోలుంటుంది, ఆరు ప్యానెల్స్, ఫ్రేము కలిపి మూడు మూడున్నర క్వింటాళ్లు, దిమ్మెలు ఇంకో ఐదారు క్వింటాళ్లు, అదంతా పదిహేను చదరపు మీటర్ల మీద పరుచుకుంటుంది. జనం తిరిగే డాబాని చదరపు మీటరుకి 150 కిలోలు మొయ్యేలా లెక్కకడతారు. అయినా వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు, అంటే టన్ను బరువు, నాలుగు ఇటుకల వరస మీద ఇరవై ఏళ్లు పెట్టి ఎవరం అడగలేదు. పెచ్చులు ఊడి ఊచలు కనబడుతున్న శ్లాబైతే మాత్రం వేరే సంగతి, దానికి ఇంజినీరుని పిలవాల్సిందే.

మా వైపు అసలు భయం గాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి నేరుగా మా మీదకే వచ్చింది. మా ఎదురింటి రేకులు మా పెరట్లో దొరికాయి. అంతకు ఐదేళ్ల ముందు ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర. కట్టడాల మీద పడే బరువుల లెక్కలకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875, దాని మూడో భాగంలో ఒడిశా కోస్తా పట్టీకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు పెట్టుకోమంటారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఏటవాలుగా ఉన్న ప్యానెల్ కింద గాలి దూరితే అది నొక్కదు, ఎత్తుతుంది. పదిహేను చదరపు మీటర్లకి లెక్కేసుకోండి, రెండు టన్నులు దాటుతుంది. మన దిమ్మెలూ ఫ్రేమూ కలిపి టన్ను లేదు. కాబట్టి దిమ్మెని ఊరికే మేడ మీద పెట్టేస్తే చాలదు, అది శ్లాబుతో ఒకటైపోవాలి. అందుకే ఉలితో చెక్కడం, దుమ్మంతా నీళ్లతో కడగడం, సిమెంటు పాలు పోసి అవి తడిగా ఉండగానే కాంక్రీటు వెయ్యడం. పైగా దిమ్మెలు కింద గోడలూ బీములూ ఉన్న గీత మీదకే రావాలి, గది మధ్యలో కాదు. పిట్టగోడకి మాత్రం ఏదీ బిగించనివ్వకండి, అది నాలుగు లేక ఐదంగుళాల ఇటుక వరస, బట్టల తీగకే ఊగుతుంది.

ఎత్తు విషయంలో ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఈ మధ్య అందరూ ఏడెనిమిది అడుగుల ఎత్తున షెడ్డులా లేపి కింద కుర్చీలేసుకుంటున్నారు. అమ్మకి కూడా అదే ఇష్టం, నీడలో కూర్చుని వడియాలు పెట్టుకోవచ్చని. ఎత్తు పెరిగేకొద్దీ గాలి లాగే బలం పెరుగుతుంది, దిమ్మె మీద మెలి పెరుగుతుంది. మరీ కిందకి దించితే శ్లాబుకి రేపు పూత వెయ్యాలన్నా చెత్త తియ్యాలన్నా మనిషి దూరడు, కింద ఆకులు కుళ్లి పాచి పడుతుంది. ముందువైపు మూడడుగులు ఉండేలా చేయించాను. చీపురు పట్టుకుని కూర్చుని జరగొచ్చు. వడియాలకి తూర్పువైపు ముక్క వదిలాను. అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది, ఆ ముక్క మీద మధ్యాహ్నం ట్యాంకు నీడ పడుతుందట.

దిమ్మెలు పోసిన మూడోరోజే కుర్రాళ్లు బరంపురం నుంచి ప్యానెల్స్ వేసుకుని దిగిపోయారు. కాంక్రీటు కనీసం వారం తడవాలి, గోనెసంచులు కప్పి రెండుపూటలా నీళ్లు పోస్తున్నా, ఇప్పుడే బిగించొద్దు అన్నాను. "ఆజ్ఞా, కిచ్ఛి హెబొ నీ" (ఏం కాదండీ) అన్నాడు వాళ్లలో పెద్దవాడు. ఈ మాట ఒడియాలో ఎంత తియ్యగా ఉంటుందో, ఇల్లు కట్టుకున్నవాడికి అంత భయంగా ఉంటుంది. టీ తాగించి, దారిఖర్చులిచ్చి వెనక్కి పంపాను. మళ్లీ పదోరోజు వచ్చారు. ఈలోగా నేను కోటింగ్ పని పూర్తి చేయించి, నడిచే దారంతా గోనెలు పరిపించాను. ఎందుకంటే ఫ్రేము ఇనుము లాగితే కోటింగ్ చీరుకుపోతుంది, డ్రిల్లు వేసినప్పుడు రాలే ఇనుప రజను తెల్లటి కోటింగ్‌లో అతుక్కుని, ఒక్క వానకే తుప్పుమచ్చలవుతుంది. సాయంత్రం పని అవ్వగానే మెత్తటి చీపురుతో ఊడిపించి, పాత స్పీకరు అయస్కాంతం దారానికి కట్టి నేనే ఈడ్చాను. గుప్పెడు వచ్చింది.

వైర్లు దింపడానికి శ్లాబుకి బెజ్జం పెడతామన్నారు. వద్దన్నాను. మెట్లగది గోడలోంచి తీశారు, అదికూడా లోపలినుంచి బయటికి కిందకి వాలేలా. గోడలోకి వెళ్లేముందు వైరుని కాస్త కిందకి వేలాడదీసి పైకి తిప్పాలి, అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి.

వీధి చివర పెంకుటింటి మావయ్య "మాకూ పెట్టొచ్చా" అని అడిగారు. పెంకుల మీద వద్దనే నా మాట, వాసాలు ఎప్పటివో. రేకుల ఇల్లైతే పెట్టొచ్చు గానీ స్క్రూ రేకు మడత పైభాగం మీద రావాలి, నీళ్లు పారే పల్లంలో కాదు, కింద ఇనుప పైపుని పట్టుకోవాలి, రబ్బరు వాషరు ఉండాలి. సిమెంటు రేకుల మీద మనిషి అడుగు పెడితేనే ప్రమాదం.

ఒప్పంద కాగితంలో మేం రెండు వాక్యాలు రాయించుకున్నాం. అడక్కుండా శ్లాబుకి బెజ్జం వెయ్యకూడదు, వాళ్ల పని వల్ల లీకొస్తే విప్పి మళ్లీ బిగించే ఖర్చు వాళ్లదే. ఐదేళ్ల మెయింటెనెన్స్ అని వాళ్లు ముందే అచ్చువేసుకొచ్చిన కాగితంలో ప్యానెల్, ఇన్వర్టర్, వైరు అన్నీ ఉన్నాయి, శ్లాబు మాటే లేదు. పని మొదలవ్వకముందు కింద సీలింగు మొత్తం ఫోటోలు కూడా తీసి ఉంచుకున్నాను.

ఎండ బాగుంటే రోజుకి 12 యూనిట్లు అటూఇటూగా వస్తోంది. మొదటివాన పడగానే అర్ధరాత్రి టార్చి పట్టుకుని పైకెళ్లాను. గదుల్లో ఎక్కడా చెమ్మ లేదు. కానీ ఆరో దిమ్మె వెనక చెంబెడు నీళ్లు నిలిచాయి, వాలుకి అడ్డంగా పెట్టేశాం, ఎవరం చూసుకోలేదు. ప్యానెల్స్ మీద పడిన వానంతా కింది అంచు నుంచి ఒకే గీతలో పడుతుందని కూడా అప్పుడే కళ్లారా చూశాను. ఆ ధారకింద కోటింగ్ మీద అప్పటికే నీళ్లు గంతులేస్తున్నాయి. మేస్త్రి వచ్చి దిమ్మె వెనక చిన్న వాలు పెట్టి, ఆ గీత పొడవునా ఇంకో పూత వేశాడు. 

గుణుపూర్‌లో మాత్రం మొన్న మళ్లీ కారింది. బోల్టుల చుట్టూ ఎన్నిసార్లు సీలెంట్ పూసినా రెండు వానలకి మించి ఆగట్లేదు. వానలు తగ్గాక మొత్తం విప్పించి దిమ్మెలు పోయిస్తానంటున్నాడు బావ, మా మేస్త్రిని పంపమన్నాడు. అంతదాకా హాల్లో టేబుల్ ఫ్యానూ, దాని పక్కన బకెట్టూ.