బొగ్గు, ఉక్కే ఎందుకు? షూమన్‌ని చదివాక దొరికిన జవాబు

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ వాళ్లకు తెలిసిందే, పేపర్ 2 చివరికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. యూరప్ ఏకీకరణ దగ్గర నేనూ తేదీలు బట్టీపట్టేసి ముందుకెళ్లిపోయాను. బొగ్గు, ఉక్కును ఉమ్మడి చేసిన 1951 పారిస్ ఒప్పందం, ఉమ్మడి మార్కెట్ తెచ్చిన 1957 రోమ్ ఒప్పందం, ఆరు దేశాలు. టెస్టులో అదే రాశాను. దిద్దిన పేపర్ అంచున ఎర్ర ఇంకుతో ఒకటే ప్రశ్న: "బొగ్గు, ఉక్కే ఎందుకు?" ఆ రాత్రంతా అదే తొలిచింది.

అప్పుడు ఈ ఆలోచనను ప్రకటించిన ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ జీవితం పట్టుకున్నాను. తండ్రిది జర్మనీ సరిహద్దులోని ఫ్రెంచ్ ప్రాంతం లొరేన్. 1871లో జర్మనీ ఆ ప్రాంతాన్ని కలిపేసుకోవడంతో ఫ్రెంచివాడు కాస్తా జర్మన్ పౌరుడయ్యాడు. షూమన్ 1886లో లక్సెంబర్గ్‌లో పుట్టారు, జర్మన్ పౌరుడిగానే. జర్మన్ యూనివర్సిటీల్లో చదివి లొరేన్‌లోని మెట్జ్‌లో లాయరయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లొరేన్ తిరిగి ఫ్రాన్స్‌కు వస్తే, 1919లో ఫ్రెంచ్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1940లో నాజీల రహస్య పోలీసు గెస్టపో అరెస్టు చేసింది, 1942లో తప్పించుకున్నారు. అంత పడ్డ మనిషి విదేశాంగ మంత్రి అయ్యాక జర్మనీకి స్నేహహస్తం చాచారంటే, నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇక అట్లాస్ తెరవండి. లొరేన్‌లో ఇనుప ఖనిజం, జర్మనీలోని రూర్‌లో బొగ్గు. పెన్సిల్‌తో రెండూ చుట్టండి, మధ్యలో సరిహద్దు కనిపిస్తుంది. ఉక్కుకు ఆ రెండూ కావాలి, ఫిరంగులకు ఉక్కు కావాలి. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మొత్తాన్ని ఒకే ఉమ్మడి అథారిటీ కింద పెడితే, ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి సిద్ధం కాలేరు. 1950 మే 9న షూమన్ ప్రకటించింది ఇదే. జర్మనీ లొంగిపోయి అప్పటికి ఐదేళ్లు దాటి ఒక్కరోజు!

ఒక్క జాగ్రత్త. జవాబులో అంతా షూమన్ ఖాతాలోనే వేయకండి. ముసాయిదా ఫ్రాన్స్ ప్రణాళికా సంస్థ అధిపతి జాన్ మోనే బృందానిది, పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ నుంచి ఒప్పుకున్నది అక్కడి ఛాన్సలర్ అడెనావర్. ప్రచ్ఛన్న యుద్ధం, యుద్ధం తర్వాత యూరప్‌కు అమెరికా ఇచ్చిన మార్షల్ ప్లాన్ సాయం, పశ్చిమ జర్మనీ మళ్లీ పుంజుకోవాలన్న అమెరికా ఒత్తిడి కూడా రావాలి. బ్రిటన్ బయటే ఉండిపోవడం, 1954లో ఉమ్మడి రక్షణ ప్రతిపాదనను ఫ్రెంచ్ పార్లమెంటే తిప్పికొట్టడం రాస్తే విశ్లేషణకు బలం వస్తుంది.

నెల తర్వాత అదే ప్రశ్నకు మళ్లీ జవాబు రాశాను. ఈసారి 1951తో కాదు, 1871తో మొదలుపెట్టాను.