దసరా కల్లు, పదిహేడో రోజు

రాత్రి పదకొండింటికి మా చెల్లి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. టెస్టులో రెండు గీతలు వచ్చాయట. సంతోషపడాల్సిన పిల్ల, "అక్కా, దసరా దావత్‌ల కల్లు తాగిన కదా, బిడ్డకు ఏమన్నా అయితదా?" అని అడుగుతోంది.

లేచి గోడమీది క్యాలెండర్ ముందు నిలబడి వేలితో లెక్కపెట్టాను. చివరి నెలసరి నుంచి దసరా ముప్పై ఒకటో రోజు, అంటే కడుపులో పిండానికి ఆ రోజు సుమారు పదిహేడు రోజులు. చెల్లికి తెలిసిందల్లా నెలసరి మూడు రోజులు లేటని, పండగ పనుల్లో అదెవరికి గుర్తుంటుంది?

పదిహేడు అనగానే నాకు గుండె ఝల్లుమంది. ఫ్లోరిడాలో కెర్‌స్టి లినాస్క్ అనే శాస్త్రవేత్త బృందం చిట్టెలుకల మీద చేసిన పరిశోధన గురించి అంతకుముందే చదివి ఉన్నాను, 2010లో వచ్చింది. కడుపుతో ఉన్న ఎలుకలకి ఒకే ఒక్క రోజు ఆల్కహాల్ ఎక్కించారు, మన లెక్కలో అది పదహారు నుంచి పద్దెనిమిది రోజుల పిండం. అప్పటికి గుండె అనేదే లేదు, గుండె కావాల్సిన కణాలు తమ చోటికి చేరుతున్నాయి అంతే. తర్వాత రక్తం పారడాన్ని చూపించే డాప్లర్ స్కాన్ పెట్టి చూస్తే ఆ ఒక్క రోజుకే కవాటాల దగ్గర రక్తం సరిగా పారడం లేదు. అదే ఆల్కహాల్ పడినా, ముందునుంచీ తిండిలో ఫోలేట్ (ఒక బి విటమిన్, గోలీల్లో ఫోలిక్ యాసిడ్‌గా వచ్చేది ఇదే) బాగా ఎక్కువగా పెట్టిన ఎలుకల పిల్లల్లో మాత్రం గుండె చాలావరకు సరిగ్గానే తయారైంది.

కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాల్లో విన్ట్ అనేది ఒకటి ఉంది, గుండె ఎక్కడ ఎలా మొదలవ్వాలో చెప్పేది అదే. ఆల్కహాల్ దాన్ని చెడగొడుతుంది, పైగా ఒంట్లో ఉన్న ఫోలేట్‌ని కూడా సరిగ్గా వాడుకోనివ్వదు. క్లీవ్‌లాండ్‌లో ఇంకో బృందం కౌజు పిట్ట గుడ్లలో బీటైన్ అనే పోషకంతో ఇలాంటి రక్షణే చూసింది.

అయితే ఫోలిక్ యాసిడ్ గోలీ వేసుకుని తాగొచ్చు అని మాత్రం దయచేసి ఎవరూ అనుకోకండి. ఇవి ఎలుకలు, పిట్టలు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకి మందు పోసి ఎవరూ పరీక్షించరు. మనుషుల్లో ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నెముక లోపాల్ని తగ్గిస్తుందని 1991లోనే గట్టిగా తేలింది, అది వేరే సంగతి. మందు విషయంలో ఇంత వరకు ఫర్వాలేదు అనే కొలత లేదు. మా వైపు కల్లుని మందు కింద లెక్కేయరు, చలవ చేస్తుందని ఇంట్లో పెద్దవాళ్లే పోస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019-21) దేశం మొత్తంమీద తాగే ఆడవాళ్లు నూటికి 1.3 మంది అయితే తెలంగాణలో 6.7 మంది. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, కానీ కల్లులో ఉన్నదీ అదే ఆల్కహాల్ అని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నన్ను తొలిచేసేది ఇంకొకటి. బిడ్డ గుండె ఇరవై రెండో రోజుకే కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఎనిమిది వారాలకి గదులు ఏర్పడిపోతాయి. మనం ఆశా అక్కకి చెప్పి, పేరు రాయించుకుని, గోలీలు తెచ్చుకునేసరికి ఎన్నోసార్లు మూడో నెల వచ్చేస్తుంది. పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమనేది అందుకే.

చెల్లికి బిడ్డ అవయవాల్ని చూసే టిఫా స్కాన్ బాగానే వచ్చింది, పిండం గుండెకి ఎకో కూడా తీయించాం, స్క్రీన్ మీద నాలుగు గదులూ తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడ్డాక గానీ అది నా చెయ్యి వదల్లేదు. బాబుకి ఇప్పుడు ఏడాదిన్నర. తర్వాత వేసుకున్న గోలీల వల్లే అని నేననను, ఆ రోజులు అప్పటికే దాటిపోయాయి.

మొన్న అన్నయ్య కూతురి పెళ్లయింది. అత్తారింటికి పోయేముందు ఫోలిక్ యాసిడ్ గోలీలు రెండు షీట్లు చేతిలో పెట్టి సంగతి చెప్పాను. అది అటూ ఇటూ చూసి గబుక్కున బ్యాగ్ అడుక్కి తోసేసింది. "గప్పుడే గోలీలా అత్తమ్మా? ఇంటోళ్లు చూస్తే నాకేదో రోగముందనుకోరా?"

అల్లుణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పాను.