పరిగె ఏరుకుంటే పదేళ్లు

వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌లో రైలు దిగి ఆఫీసుకి నడిచే దారిలో ఒక కంచు గోడ ఉంది. దాని నిండా గోధుమ వెన్నులు. ఒకవైపు చేత్తో పట్టుకోవచ్చన్నంతగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. పోనుపోను గోడలోకి కుంగిపోయి, రెండోవైపుకి వచ్చేసరికి వాటి అచ్చు మాత్రం మిగులుతుంది. అదేదో వ్యవసాయ శాఖ వాళ్లదిలే అనుకుని, రెండేళ్లపాటు దాని పక్కనే నిలబడి కాఫీ తాగాను. సిగ్గుగానే ఉంది.

పోయిన నవంబరులో ఒకరోజు చూస్తే అక్కడ జనం. చేతుల్లో కొవ్వొత్తులు. అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడెవరో మైకులో మాట్లాడుతున్నాడు. రెండు నిమిషాలు మౌనం పాటించి మూడో నిమిషంలో మైకులు విరగ్గొట్టుకునే సభల్ని టీవీలో చూస్తూ పెరిగినదాన్ని, నాయకుల సంతాపాలంటే నాకు పెద్ద గురి లేదు. అయినా ఆగాను. పక్కనున్న ఉక్రెయిన్ పెద్దావిడని అడిగితే, గోడ మీద ఉన్న ‘హొలొడొమోర్’ అన్న మాటకి అర్థం చెప్పింది: ఆకలితో మాడ్చి చంపడం. 1932–33లో, సోవియట్ పాలనలో ఉన్న ఉక్రెయిన్‌లో వచ్చిన కరువుకి వాళ్లు పెట్టుకున్న పేరు అది. మనం కరువులకి ఆ ఏడాది పేరు పెట్టుకున్నాం, నందన కరువు, ధాత కరువు అని. వీళ్లు నేరాన్నే పేరుగా పెట్టుకున్నారు.

ఆ రాత్రి చదువుతూ కూర్చుంటే ఒక్క చట్టం దగ్గర ఆగిపోయాను. 1932 ఆగస్టు 7న మాస్కోలో స్టాలిన్ ప్రభుత్వం తెచ్చిన చట్టం. రైతుల భూములన్నీ కలిపేసి చేసిన ఉమ్మడి పొలం నుంచి గింజ తీస్తే కాల్చివేత, దయతలిస్తే పదేళ్ల జైలు. జనం దాన్ని ‘అయిదు వెన్నుల చట్టం’ అన్నారు. కోత అయ్యాక పొలంలో రాలిన వెన్నులు ఏరుకున్నవాళ్లని కూడా దాని కిందే పట్టుకున్నారు.

అంటే పరిగె. మా నాయనమ్మ తెనాలి దగ్గర చేలల్లో ఏరుకొచ్చిన పరిగె గింజలు అమ్మి నాన్నకి పరీక్ష ఫీజు కట్టింది. ఆసామి చూసినా ఏమీ అనేవాడు కాదట, పరిగె లేనివాళ్లదని ఊరంతా ఒప్పుకున్న మాట.

ఫోన్లో అమ్మకి చెబితే, ‘‘పరిగె ఏరుకుంటే కాల్చేస్తారా? అదేం రాజ్యమే!’’ అంది.

మిగతాదీ చెప్పాను. ప్రభుత్వానికి ధాన్యం కోటా కట్టలేని ఊళ్లని నల్లజాబితాలో పెట్టి, దుకాణాలు మూసేసి, ఉప్పూ కిరసనాయిలూ కూడా అందకుండా చేశారు. 1933 జనవరి 22న స్టాలిన్, అతని ప్రధాని మొలొటోవ్ సంతకాలతో వచ్చిన ఆదేశం, రైతులు ఉక్రెయిన్ దాటి తిండి వెతుక్కుంటూ పోకుండా ఆపేసింది. అదే కాలంలో విదేశాలకి ధాన్యం ఓడలకెక్కుతూనే ఉంది. చచ్చిపోయినవాళ్లు దాదాపు 39 లక్షలని అక్కడి జనాభా నిపుణుల లెక్క. 1937 జనగణనలో మనుషులు తక్కువ తేలితే ఆ లెక్కల్ని తొక్కిపెట్టి, లెక్కపెట్టిన అధికారుల్ని అరెస్టు చేశారు.

ఇక నేను చులకన చేసిన చట్టసభల సంగతి. అమెరికన్ కాంగ్రెస్ 1980లలో ఈ కరువు మీద ఒక కమిషన్ వేసింది. వాళ్లు బతికి బయటపడ్డ ముసలివాళ్లని వెతికి పట్టుకుని, చెప్పిందంతా రికార్డు చేశారు. అవి మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ పని నడిపిన జేమ్స్ మేస్ తర్వాత కీవ్ వెళ్లి స్థిరపడిపోయాడు. నవంబరు నాలుగో శనివారం కిటికీలో కొవ్వొత్తి పెడదామన్న ఆలోచన ఆయనదే, 2003లో. జర్మనీ పార్లమెంటు 2022 నవంబరులో దీన్ని జాతిహత్యగా గుర్తించింది. అప్పటికి దాదాపు తొంభై ఏళ్లు! తీర్మానాల మీద నా గురి పూర్తిగా కుదిరిందని చెప్పను గానీ, ఆ మూడు సంపుటాల విషయంలో నోరు మూసుకున్నాను.

‘‘మరి వాళ్లకి శిక్ష పడిందా?’’ అని అడిగింది అమ్మ.

2010లో కీవ్ కోర్టు స్టాలిన్‌తో సహా ఏడుగురిని దోషులని తేల్చిందనీ, అప్పటికే అందరూ పోయారు కాబట్టి కేసు మూసేసిందనీ చెప్పాను.

‘‘చచ్చినవాళ్ల మీద కేసేంటే,’’ అంది. కాసేపాగి, ‘‘ఆ ఏడుగురి పేర్లూ చదువు, వింటాను,’’ అంది.